పైనుంచి వినబడిన "సరే"

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు గానీ, దాన్ని తప్పినవాణ్ణి మళ్ళీ పనిలోకి పిలవరు. లిఫ్టు బాగుచేసినవాడే అందులో ముందు ఎక్కాలి. కింది నుంచి పై అంతస్తు దాకా ఒక్కడే వెళ్ళాలి. వెళ్ళి, పైనుంచి గొంతెత్తి "సరే" అని కేకెయ్యాలి. ఆ కేక వినబడ్డాకే కిందున్నవాడు "పని జరుగుతోంది" అన్న బోర్డు తీస్తాడు. ఆ తరవాతే జనం ఎక్కుతారు.

ఈ కథలో తండ్రి ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టు మెకానిక్కు. ఇరవై రెండు భవనాల లిఫ్టులు ఆయన్నే నమ్ముకుని పైకీ కిందికీ తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఆయనతో పనిచేసిన ఒకడు, తను బిగించిన బ్రేకు మూడో అంతస్తు దగ్గర కాస్త జారిందని తెలిసి కూడా, నలుగురిలో నామోషీ అనుకుని పైనుంచి "సరే" అనేశాడు. మర్నాడు ఒకావిడ కాలు విరిగింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా తండ్రి చివర్న ఒకే మాట అంటాడు. "ఎక్కకుండా సరే అన్నవాడు బద్ధకస్తుడు. ఎక్కి, తెలిసి కూడా సరే అన్నవాడు మనిషే కాదు." కూతుళ్ళిద్దరూ ఆ మాట వింటూనే పెరిగారు.

ఇప్పుడు ఎక్కాల్సిన వంతు చిన్నకూతురిది. పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంది. కాలేజీవాళ్ళు రెండు సీట్లు చూపించారు. ఒకటి ఎప్పటినుంచో ఉన్న మామూలు కంప్యూటర్ సైన్స్. రెండోది ఐదారేళ్ళ కిందట కొత్తగా పెట్టిన ఏఐ డిగ్రీ, పెద్దకూతురు చదివింది అదే. దాని పూర్తి పేరు సర్టిఫికెట్ మీద రెండు వరుసలు పడుతుంది, తండ్రికి ఇప్పటికీ నోరు తిరగదు. రెండింట్లో ఏదో ఒకటి ఆ సాయంత్రం ఐదులోపు ఖరారు చెయ్యాలి. కంప్యూటర్లో ఒకసారి నొక్కాక బ్రహ్మ దిగొచ్చినా మారదు.

"ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు తండ్రి, పొద్దున్నే బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "పెద్దది ముందు ఎక్కింది. కుదుపు లేకుండా పైకెళ్ళింది. దాని వెనకాలే చిన్నది. సాయంత్రం నేను తొందరగా వస్తా, నా ముందు నొక్కండి."

పెద్దది గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"ఏమిటే ఆ పరధ్యానం?" అంది తల్లి కుట్టుమిషన్ మీంచి తలెత్తి. పెద్దది జవాబు చెప్పకుండా వెళ్ళిపోయింది.

జవాబు ఏం చెబుతుంది పాపం! ఆ కొత్త డిగ్రీ చదివి బయటికొచ్చి ఏడాదిన్నర అయింది. యంత్రాలకి బుద్ధి నేర్పే ఉద్యోగం అని ఇంట్లో చెప్పింది. అది అక్షరాలా అబద్ధం కూడా కాదు, అదే దాని దరిద్రం. పొద్దున పదింటికి కూర్చుంటే తెర మీద ఒక ఫొటో వస్తుంది. అందులో కుర్చీ ఉంటే, యంత్రానికి తెలిసేలా "కుర్చీ" అని నొక్కాలి. లేకపోతే "కాదు" అని నొక్కాలి. రోజుకి రెండువేల ఫొటోలు. కాలు విరిగిన కుర్చీ కుర్చీ కిందికి వస్తుందా రాదా అని పైవాళ్ళు తేల్చడానికి నెల పట్టింది. ఆ పనికి నాలుగేళ్ళ చదువు ఎందుకు, రెండు కళ్ళుంటే చాలు.

చదువు మాత్రం ఏం చదువు! నాలుగేళ్ళలో మూడుసార్లు సిలబస్ మార్చారు. రెండో ఏడాది వాళ్ళు కష్టపడి నేర్చుకున్నది నాలుగో ఏడాదికి పాతబడిపోయింది. అన్నిటికీ మూలమైన పాఠాలు మాత్రం "అవి మీకు అక్కర్లేదు" అని తీసేశారు. తీరా ఉద్యోగాలకి దరఖాస్తు పెడితే, డిగ్రీల జాబితాలో తన డిగ్రీ పేరే లేదు. అడుగున "ఇతరములు" అని ఉంటుంది, అది నొక్కాలి. నలభై ఒక్కసార్లు నొక్కింది. ఇతరముల్ని ఎవరూ పిలవలేదు.

మొదటి వారంలోనే ఇంట్లో చెప్పేద్దామనుకుంది. ఆ లోపే తండ్రి ఇరవై రెండు భవనాల్లోనూ చెప్పేశాడు. తల్లి జాకెట్టు కొలతలు తీసుకుంటూ చెప్పింది, చుట్టుకొలతకొకసారి, చేతి పొడవుకొకసారి. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం పెద్దదాని వల్ల కాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాదిన్నర గడిపింది. తన ఒక్కదాని బతుకే అయితే అలాగే గడిపేసేది కూడా. ఇప్పుడు చెల్లెలి బతుకు వచ్చి అడ్డంగా నిలబడింది.

ఆ కంగారులో ఆఫీసు కార్డు ఇంట్లోనే మర్చిపోయింది. పదకొండింటికి చిన్నది ఆ కార్డు పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గరి మనిషి "లోపలికెళ్ళి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. ఇంట్లోవాళ్ళు ఎవరూ ఏనాడూ చూడని ఆ గదిలోకి చిన్నది అలా వచ్చిపడింది.

కిటికీల్లేని పొడుగాటి గది. ఆరు వరుసల బల్లలు. అందరూ తలలు వంచుకుని టకటక నొక్కుతున్నారు. చిన్నది అక్క వెనక నిలబడింది. కుర్చీ, కాదు, కాదు, కుర్చీ. పది ఫొటోలు చూసింది.

"అక్కా."

పెద్దది ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"ఇదేనా నువ్వు చేసేది?"

"ఇదే."

పక్క కుర్చీలో ఉన్నాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఏనాడూ పాఠం చెప్పినవాడు కాదు, ఏది అడిగినా ఓనమాల నుంచి మొదలుపెడతాడని ఆ పేరు. మామూలు కంప్యూటర్ సైన్స్ చదివి, పదిహేనేళ్ళు ప్రోగ్రాములు రాసి, కంపెనీ మూతపడ్డాక రెండు నెలల కిందట ఇక్కడికొచ్చి చేరాడు. సోమవారం వెళ్ళిపోతున్నాడు. ఒక ఆసుపత్రిలో రికార్డుల కంప్యూటర్లు చూసే పని దొరికింది.

"మీ చెల్లెలా అమ్మాయ్?" అన్నాడు. "ఈవిడేనా డిగ్రీ తేల్చుకోవాల్సింది?"

"అవునండీ," అంది చిన్నది. "మీరైతే ఏది తీసుకుంటారు?"

ఆశ్చర్యమేమిటంటే ఈసారి మాస్టారు ఓనమాల దగ్గరికి వెళ్ళలేదు. "మీ అమ్మగారు బట్టలు కుడతారట కదా. నేను చదువు పేరుతో గుడ్డ తానే కొన్నానమ్మా. చొక్కా చినిగిపోతే దాంతోనే సంచీ కుట్టుకుంటున్నా. మీ అక్క చేత కుట్టేసిన జేబు కొనిపించారు. జేబు మంచిదే. చొక్కా ఏదీ?" అని తన తెర వైపు తిరిగిపోయాడు.

అక్కాచెల్లెళ్ళు మెట్ల మీదికి వచ్చారు. పెద్దదానికి ఏడుపు రాలేదు. ఏడాదిన్నర మోసిన బరువు ఒకరి కంటబడితే తేలికవుతుందనుకుంది, అవలేదు, ఇంకా బరువెక్కింది.

"మామూలు కంప్యూటర్ సైన్సే పెట్టవే," అంది. "ఇంకేం ఆలోచించకు."

"నాన్న ఊరుకుంటారా? ఎందుకూ అంటారు. నేనేం చెప్పను?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. నేను చెప్తా. అంతా చెప్పేస్తా."

"ఇవాళేనా?"

"ఇవాళే. నువ్వు నొక్కేలోపే."

చిన్నది అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు చెప్పేదాకా నేను నోరు విప్పను. నీ సంగతి నా నోటి నుంచి రాకూడదు," అంది. ఎంత మంచి పిల్లో చూడండి. ఆ మంచితనమే కొంప ముంచింది.

మధ్యాహ్నమంతా పెద్దది మనసులో మాటలు కూర్చుకుంది. "నాన్నా, నేను చెప్పింది నిజం కాదు." ఇంతే, ఐదారు మాటలు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఏడాదిన్నర పట్టిందా అని తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ పరధ్యానంలో ఒక బల్లని కుర్చీ అని నొక్కింది.

నాలుగున్నరకి ఇల్లు చేరేసరికి తండ్రి వచ్చేసి ఉన్నాడు. చేతులకున్న గ్రీజు సబ్బుతో తోముకుంటూ మాంచి హుషారుగా ఉన్నాడు.

"ఇవాళ ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు తల్లీ, అరగంట. లోపల్నుంచి ఒకటే కేకలు. నేను తలుపు సందులోంచి కబుర్లు చెప్తూ కూర్చున్నా. మా పెద్దది యంత్రాలకి బుద్ధి నేర్పుతుందండీ, ఇంకో నాలుగేళ్ళాగండి, ఈ లిఫ్టే మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తుంది అన్నా. ఆయన నవ్వేశాడు. బయటికి రాగానే ముందు ఏమడిగాడో తెలుసా? మీ అమ్మాయి ఏం చదివిందయ్యా, మా మనవరాలికి చెప్తాను అన్నాడు."

తల్లి మిషన్ ఆపి నవ్వింది. చిన్నది కంప్యూటర్ తెరిచి పెట్టుకుని అక్క మొహం వైపే చూస్తోంది.

"నాన్నా, ఒక మాట," అంది పెద్దది.

"చెప్పమ్మా."

"మామూలు కంప్యూటర్ సైన్స్ కూడా మంచిదే నాన్నా."

"మంచిదే, నేను కాదన్నానా?" అన్నాడు తండ్రి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "అదేమిటి, ఇప్పుడెందుకొచ్చింది ఆ మాట? నీ ఉద్యోగంలో ఏమన్నా ఇబ్బందా తల్లీ?"

తలుపు బార్లా తెరిచి పెట్టాడు ఆయన, లోపలికి అడుగు వెయ్యడమే తరువాయి. కానీ అడిగేటప్పుడు ఆయన మొహంలో భయం కనిపించింది. పదో అంతస్తు ఎత్తున తాడు పట్టుకుని పనిచేసే మనిషి, ఆ మొహంలో భయం చూడటం పెద్దదానికి అదే మొదలు. ఇరవై రెండు భవనాలు, ఇవాల్టి పెద్దాయన, ఆయన మనవరాలు అందరూ ఆ మొహంలోంచి తనవైపు చూస్తున్నట్టే ఉంది.

"అబ్బే, ఏం లేదు నాన్నా. బాగానే ఉంది."

తండ్రి ఊపిరి వదిలాడు. తల్లి మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

అక్క ఇక చెప్పదని చిన్నదానికి అర్థమైంది. తనే అంది, "నాన్నా, నాకు కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది."

"ఎందుకమ్మా? అక్క చదివినదాంట్లో లోపమేముంది?"

చిన్నదాని దగ్గర జవాబు ఉంది. నాలుక చివర్నే ఉంది. మాటిచ్చింది గనక మింగేసింది. "ఏం లేదు, ఊరికే," అంది.

"ఊరికే అని నాలుగేళ్ళ చదువు చదువుతారా ఎవరన్నా? నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఎక్కినదాన్నే అడుగుదాం." తండ్రి పెద్దదాని వైపు తిరిగాడు. గోడ గడియారంలో ఐదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. "నువ్వు చెప్పు తల్లీ. నీ మాటే ఖాయం. చెల్లెల్ని ఎక్కమంటావా?"

మిషన్ చప్పుడు ఆగింది. ముగ్గురూ ఆమె నోటివంకే చూస్తున్నారు. మధ్యాహ్నమంతా కూర్చుకున్న ఐదారు మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మూడో అంతస్తు దగ్గర బ్రేకు జారిన సంగతి తెలిసి కూడా నలుగురికీ భయపడి కేకేసినవాడు ఆ క్షణంలో ఎలా ఉన్నాడో ఆమెకి ఇప్పుడు బాగా తెలిసింది. వాణ్ణి చిన్నప్పటినుంచీ ఎంత తిట్టుకుందో!

"సరే నాన్నా," అంది. "ఎక్కొచ్చు."

చిన్నదాని మొహంలో కోపమేమీ రాలేదు. వస్తే బాగుండేది. బాణం గుర్తుని నెమ్మదిగా కింది వరుస మీదికి జరిపి, రెండు వరుసల పేరున్న డిగ్రీ మీద నొక్కింది. ఖరారైందని తెర మీద పడింది.

"అయిపోయిందే!" అని తండ్రి తల్లి భుజం తట్టాడు. "ఇద్దరూ ఎక్కేశారు. ఇంక మనం హాయిగా కింద కూర్చోవచ్చు." రేపు ఏయే భవనాల్లో పని ఉందో లెక్క చూసుకుంటూ, ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తూ లోపలికి వెళ్ళాడు. తల్లి చిన్నదాన్ని దగ్గరికి తీసుకుని నుదుటిమీద జుట్టు సర్ది, తండ్రి వెనకాలే వెళ్ళింది.

గదిలో అక్కాచెల్లెళ్ళే మిగిలారు. పెద్దది చెల్లెలి దగ్గరికి రాబోయి, రాలేక, కుట్టుమిషన్ పట్టుకుని నిలబడింది. క్షమించమని అడగడానికి కూడా నోరుండాలి కదా.

చిన్నది కంప్యూటర్ మూసింది.

"సోమవారం మాస్టారు వెళ్ళిపోతున్నారు కదా అక్కా," అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "నాలుగేళ్ళ దాకా నీ పక్కనున్న ఆ కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచుతారంటావా?"