తొమ్మిదో రాత్రికి ముందు

లాసెల్స్ పిన్నక్ పసుపు సూటు వేసుకుని, మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కింగ్‌స్టన్‌లో అలాంటి సూటు వేసుకుని కూడా నవ్వులపాలు కానివాడు అతనొక్కడే. తన నైట్‌క్లబ్బులో పాటగత్తె రాని రోజున తనే గౌను తొడుక్కుని పాడి, జనం చేత ఈలలు వేయించుకున్న మనిషి. ఆ నైట్‌క్లబ్బు ఈ గది కిందే ఉంది. భార్య ఐసిల్డా పోయినప్పటినుంచి మూసే ఉంది.

ఆ రాత్రి ఆమె పోయాక తొమ్మిదో రాత్రి. పోయినవాళ్లు చివరిసారి ఇంటికొస్తారని, గది పాత తీరునే కనబడితే వెళ్లలేక అక్కడే తిరుగుతారని మావాళ్ల నమ్మకం. అందుకే ముందుగా మంచం, అలమర చోటు మార్చేస్తాం. లాసెల్స్ మార్చనివ్వడం లేదు.

"చీకటి పడితే దాన్ని సాగనంపడానికి జనం వచ్చేస్తారు. పెళ్లికొడుకులా ఆ కూర్చోవడమేంటయ్యా? లే!" అంది ఐసిల్డా అక్క మెర్లీన్.

"నీ చేపల వేపుడు నువ్వు చూసుకో వదినా. మంచం జోలికి రాకు."

"చూశారా మాస్టారూ! బతికుండగా దాని మాటే వినలేదు, ఇప్పుడు నా మాట వింటాడా? మీరైనా చెప్పండి," అంది నావైపు తిరిగి.

ఆమె కిందికి వెళ్లాక నేను అతని పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చింది. ఆ ఎండలో అదే పదివేలు.

"మీ ఆవిడ పోయినప్పుడు మంచం జరిపారా?" అని అడిగాడు.

"జరిపారు."

"తర్వాత ఎప్పుడైనా కనబడిందా?"

"లేదు."

"మరి! నాకు ఒక్కసారి కనబడాలి మాస్టారూ. తిట్టడానికొచ్చినా సరే."

"ఐసిల్డా రోజూ క్లబ్బు గుమ్మంలో నిలబడేది కదా," అన్నాను, "చివరి మనిషి వెళ్లేదాకా."

"కాళ్లు వాచిపోయేవి. కాసేపు కూర్చోవే అంటే వినేదా?"

"గది ఇలాగే ఉంచితే ఇక్కడా నిలబడే ఉంటుంది."

అతను మంచం పట్టె వదిలి లేచాడు. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"వదినా! ఆ మూకుడు దించేసి రా. ఈ మంచం ఓ పక్క పట్టు."

మంచం కిటికీ కిందికి, అలమర తలుపు పక్కకి చేరాయి. మంచం తీసిన చోట నేల కొత్తదానిలా ఎర్రగా ఉంది. మెర్లీన్ తుడవబోయి, ఆగి, వెళ్లిపోయింది.

లాసెల్స్ మంచం చుట్టూ తిరిగాడు.

"ఇప్పుడు నేనెటు పడుకోవాలి?"

"ఏ పక్కనైనా. మధ్యలో మాత్రం వద్దు," అన్నాను. "మధ్యలో నేనే ఇంకా పడుకోలేకపోతున్నాను."