జడ పూర్తయ్యేలోగా

మా కంప్యూటర్ ఎంత నెమ్మదో చెప్పడానికి నాకు గడియారం అక్కర్లేదు. పొద్దున్నే బటన్ నొక్కి దువ్వెన అందుకుంటాను. చిక్కు తీసి, మూడు పాయలు చేసి, నడుం దాకా అల్లి, చివర రబ్బరు బ్యాండు బిగించేసరికి తెర మీద నా ఫోల్డర్లు ఒక్కొక్కటే బద్ధకంగా లేస్తాయి. ఆరేళ్ళుగా ఇదే లెక్క.

చూపు తక్కువగా ఉన్న పిల్లల బడికి పాఠ్యపుస్తకాలను పెద్ద అక్షరాల్లో తయారుచేసి ఇవ్వడం నా పని. అక్షరం పెంచినంత మాత్రాన అయిపోదు. పుస్తకంలో బొమ్మ ఉన్న ప్రతిచోటా, అది ఎలా ఉంటుందో మాటల్లో నేనే రాయాలి. ఈసారిది సైన్సు పుస్తకం, రెండువందల పది పేజీలు. అందులో నూటనలభై ఆరు అయ్యేసరికే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళాలంటే, మధ్యలో గిన్నెలు కడిగి రావచ్చు.

"ఇంకా ఆ పాత డిస్కుతోనే లాగితే ఎలాగే? కొత్తరకం డిస్కు వేద్దాం, రాకెట్‌లా పరిగెడుతుంది," అన్నారు మా ఆయన. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మీటలూ తీగలూ ఉన్నది ఏదైనా తన మాట వినితీరుతుందని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం మధ్యాహ్నం అరచేతిలో పట్టే కొత్త డిస్కు తెచ్చి, కంప్యూటర్ పక్కపలక ఊడదీశారు. నేను రోజూ పేజీలు దాచుకునే పెన్‌డ్రైవ్ అడిగారు. ఈ పనికి కావలసిన ప్రోగ్రాం దాంట్లో ఎక్కించాలట.

"అందులో నా పేజీలున్నాయండీ."

"అవన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయిగా. ఇప్పుడు కొత్త డిస్కులోకీ వెళ్తాయి. ఇంకా ఈ మూడో కాపీ ఎందుకు, అటక మీద పెట్టుకోవడానికా?"

ఇచ్చాను. పెన్‌డ్రైవ్ ఖాళీ అయింది. పాత డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్, నా ఫైళ్ళు, మొత్తం కొత్తదానిలోకి కాపీ కావడానికి మూడు గంటలు పట్టింది. అయ్యాక పాతదాన్ని తీసెయ్యకుండా, "రెండువారాలు లోపలే ఉండనీ, మంచిది," అని పలక బిగించేశారు.

సోమవారం పొద్దున బటన్ నొక్కి దువ్వెన అందుకున్నాను. చిక్కు తీశాను. పాయలు చేశాను. అల్లాను. బ్యాండు వేసుకున్నాను. అప్పుడు లేచాయి ఫోల్డర్లు.

"ఏమండీ, ఇది ఎప్పట్లాగే ఉంది."

"ఎప్పట్లాగే ఏంటి! నిన్న నేను చూశాను కదా, టకటకా వచ్చింది."

"జడ మొత్తం అయిపోయిందండీ."

"కంప్యూటర్ వేగం జడతో కొలుస్తారా ఎవరైనా?" అని నవ్వారు. "లిఫ్టులో ఎక్కేవాళ్ళూ ఇంతే. శుభ్రంగా బాగుచేసి వస్తానా, మర్నాడు ఫోను. 'ఇంకా కుదుపుతోందండీ' అని. కుదుపు లిఫ్టులో లేదు, వాళ్ళ బుర్రలో ఉంది."

బుధవారం మళ్ళీ చెప్పాను. శుక్రవారం చెప్పాను. పెన్‌డ్రైవ్ తిరిగిమ్మని కూడా అడిగాను. ఆఫీసు సంచిలో ఉందన్నారు, ఆ సంచి ఆఫీసులో ఉందన్నారు. నాలుగోసారి నోరు తెరిచేలోపే, "ఇంక ఆ జడ గోల ఆపుతావా?" అన్నారు. హాల్లో కూర్చున్న అత్తయ్య, "వాడంతేనమ్మాయ్. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. నాలుగోది చూపిస్తే, అది తోకంటాడు," అంది.

అత్తయ్యకు చూపు మందగించింది. అందుకే నేను రోజూ తయారైన పేజీలు కాగితం మీద తీసి ముందు ఆవిడకే ఇస్తాను. ఆవిడ తడుముకోకుండా చదివితే పిల్లలూ చదవగలరు. చదవలేని చోట పెన్సిల్‌తో గీత పెడుతుంది. అలా పన్నెండు రోజుల్లో యాభై ఒక్క పేజీలు చేశాను. ఇంకా పదమూడు మిగిలాయి. గురువారం ఇచ్చెయ్యాలి. ఆ రోజు అచ్చుకి వెళ్ళకపోతే, ఆ పిల్లలు పరీక్షలకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తేనే చదువుకోవాలి.

రెండో శనివారం సాయంత్రం మా ఆయన పలక ఊడదీసి, పాత డిస్కు తీసి సంచిలో వేసుకున్నారు. దాన్ని మా మరిదికి ఇస్తానని మాటిచ్చారట.

"నా ఫైళ్ళు దాంట్లో కూడా ఉంటాయేమో," అన్నాను.

"అందుకే కదా. నీ పని బయటికి పోకుండా, ఒక్క అక్షరం కూడా తిరిగిరాకుండా తుడిపిస్తాను. నాకా మాత్రం తెలీదా?"

ఆదివారం పొద్దున బటన్ నొక్కి దువ్వెన అందుకున్నాను. పాపిడి తీస్తున్నాను, అంతే. తెర మీద ఫోల్డర్లన్నీ ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి.

సంతోషించాల్సింది. పాపిడి సగంలోనే ఆపేశాను. ఇవాళ ఇంత వేగంగా వచ్చిందంటే, నిన్నటిదాకా నేను కూర్చున్నది దీని మీద కాదు.

సైన్సు ఫోల్డర్ తెరిచాను. చివరి పేజీ నూటనలభై ఆరు.

విరబోసుకున్న జుట్టుతోనే వంటింట్లోకి పరిగెత్తాను. "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యండి! ఆ డిస్కు ముట్టుకోవద్దనండి!"

"ఏమైందే? కంప్యూటర్ రాలేదా?"

"వచ్చింది! జడ వెయ్యకముందే వచ్చింది!"

"మరి మంచిదేగా?"

ఫోన్ నేనే లాక్కుని చేశాను. మరిది గొంతు హుషారుగా ఉంది. "నిన్న రాత్రే అయిపోయింది వదినా. అన్నయ్య ఒకటికి మూడుసార్లు తుడవమన్నాడు, తుడిచేశాను. కొత్తపెళ్ళికొడుకులా ఉందిప్పుడు. ఎందుకు?"

ఆయన వచ్చి తెర ముందు కూర్చున్నారు. ఫోల్డర్ మూసి మళ్ళీ తెరిచారు. అలా తెరిస్తే పేజీలు పుట్టుకొస్తాయన్నట్టు నాలుగుసార్లు చేశారు. అప్పటికి బోధపడింది. కొత్తదానిలోకి కాపీ అయితే అయింది కానీ, ఇకమీదట దాన్నుంచే మొదలవ్వమని కంప్యూటర్‌కు చెప్పిన వాళ్ళు లేరు. రెండూ లోపలే ఉంటే, అది అలవాటు కొద్దీ పాతదాంతోనే లేచింది. నేను చేసిన ప్రతి పేజీ పాతదాంట్లోకే వెళ్ళింది.

"ఆ సెట్టింగ్ ఒక్కటి..." అని ఆగిపోయారు.

"చెప్పాను కదండీ. మూడుసార్లు చెప్పాను."

"నువ్వు జడ అన్నావు. డిస్కు అంటే చూసేవాణ్ణి."

చేతిలో దువ్వెన విసిరికొట్టబోయి ఆపుకున్నాను. గుమ్మంలోంచి అత్తయ్య, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశావు కదరా," అంటూ తన గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చంకలో ఒక దిండు గలీబు ఉంది. దాన్ని మంచం మీద బోర్లిస్తే కాగితాలు పడ్డాయి. నేను చదవమని ఇచ్చిన పేజీలు, పెన్సిల్ గీతలతో సహా.

"పారేస్తారనుకున్నాను అత్తయ్యా."

"ఈ ఇంట్లో నాకు కనబడే అక్షరాలు అవొక్కటే. ఎలా పారేస్తాను? రెండు మాత్రం మందుల సొరుగులో పరిచాను, వాటి మీద సిరప్ ఒలికింది. తిట్టకు."

నలభై తొమ్మిది ఉన్నాయి. పాఠాలైతే అసలు పుస్తకంలో దొరుకుతాయి. నేను బొమ్మలకు రాసిన మాటలే ఇంకెక్కడా లేవు. నాలుగు రోజులు. మళ్ళీ మొదటి అక్షరం నుంచి టైపు చెయ్యాలి, పైగా ఆ పదమూడూ.

"నేను చదువుతాను, నువ్వు కొట్టు," అన్నారాయన, కుర్చీ లాక్కుంటూ.

చదవడం కూడా సరిగా రాదు మనిషికి. చుక్కలు మింగేస్తారు, వరసలు దాటేస్తారు. "గుండె నీ పిడికిలంత ఉంటుంది. పిడికిలి బిగించి చూడు," అని చదివి పిడికిలి బిగించి చూసుకుంటూ ఉండిపోయారు.

"తర్వాత?"

"ఆఁ... తర్వాత, ఎడమవైపుకి కాస్త వాలి ఉంటుంది."

"కామా ఉందా అక్కడ?"

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"ఉందా లేదా?"

"ఉంది."

ఆ రోజు పదహారు పేజీలయ్యాయి. మర్నాడు పగలు నేనొక్కదాన్నే కూర్చుని ఇంకో తొమ్మిది లాగాను. వేళ్ళు నొప్పి, మెడ నొప్పి, ఇంట్లో ఎవరు పలకరించినా కోపం. సాయంత్రం ఆయన పనినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కాగితాల కట్ట అందుకున్నారు. ఆఫీసు సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి కీబోర్డు పక్కన పెట్టారు. నేను దాన్ని చూసీ చూడనట్టు టైపు చేస్తూనే ఉన్నాను.

కాగితంలోనే చూస్తూ అన్నారు. "ఇవాళ ఒక పెద్దావిడ లిఫ్టు కుదుపుతోందంది. పోయిన వారం బాగుచేసిందే."

"బుర్రలో కుదుపేమో."

"ఆవిడతో పాటు పైకీ కిందకీ ఆరుసార్లు తిరిగాను."

టైపు చేయడం ఆపాను. "కుదిపిందా?"

"ఐదోసారి."

పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు గుచ్చి, అప్పటిదాకా అయిన పేజీలు దాంట్లోకి ఎక్కించాను.

"నూటడెబ్బై రెండో పేజీ," అన్నాను. "చుక్కలు మింగకుండా చదవండి."