తలుపు బయట సరోజమ్మ

పాపయ్య ఎడమచేతి వేళ్ళు ముడిచి మంచం కమ్మీ మీద మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. కొట్టి, ఎవరో వచ్చి తలుపు తీస్తారన్నట్టు వాకిలి వైపు చూస్తూ ఉండేవాడు.

సరోజమ్మ మొదట నీళ్ళకనుకుంది. నీళ్ళు తెస్తే మొహం తిప్పుకున్నాడు. దుప్పటి కప్పింది, ఫ్యాను తగ్గించింది, మూత్రం డబ్బా పట్టింది. ఏది చేసినా అలిగిన పిల్లవాడిలా కళ్ళు మూసుకుని, కాసేపాగి మళ్ళీ టక్, టక్, టక్. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. మైకు లేకుండా యలహంక సంత మొత్తానికీ వినపడేలా మాట్లాడిన మనిషి, రెండుసార్లు ఎమ్మెల్యేగా ఉన్న మనిషి, ఇప్పుడు "ఊ" అనడానికి కూడా చెమటలు పట్టించుకుంటున్నాడు.

"ఎప్పట్నించో నోటికి వచ్చినవి ఒక్కోసారి మిగిలి ఉంటాయమ్మా, పాటలు, శ్లోకాలు లాంటివి. ప్రయత్నం చెయ్యండి" అన్నాడు డాక్టరు. సరోజమ్మ పక్కన కూచుని తనకు వచ్చిన భజనలన్నీ పాడింది. కొడుకు హర్ష తండ్రి పాత ఎన్నికల ప్రసంగాన్ని ఫోన్లో వినిపించాడు. పాపయ్య ఆ ప్రసంగం ఎవరిదో పరాయివాడిదన్నట్టు విని, కమ్మీ కొట్టాడు.

అలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం నంజప్ప వచ్చాడు. కారు లేదు, వెంట మనుషులు లేరు. ఆటో దిగి, చేతిలో సపోటాల కవరుతో గేటు దగ్గర నిలబడ్డాడు. కోడలు పల్లవి కిటికీలోంచి చూసి, "అత్తా, నంజప్ప!" అని గొంతులోనే అరిచింది.

అరవక ఏం చేస్తుంది? నంజప్పది అవతలి పార్టీ. పాపయ్యను ఒకసారి ఓడించాడు, ఆయన చేతిలో రెండుసార్లు ఓడిపోయాడు. అసెంబ్లీలో పాపయ్య ఆయన్ని "చెరువులు మింగిన మొసలి" అంటే, ఆయన పాపయ్యను "కుర్చీకి పట్టిన నల్లి" అన్నాడు. రెండు మాటలూ మర్నాడు పేపర్లో పక్కపక్కనే వచ్చాయి.

ఆ ఇద్దరూ ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘంలో ఒకే లాడ్జి సభ్యులని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. సరోజమ్మకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో పాపయ్య నల్లకోటు వేసుకుని "లాడ్జికి పోయొస్తా" అంటే, ఆమె వేరే రకం లాడ్జి అనుకుని వంటింట్లో ఏడ్చింది. అప్పుడాయన తోలుసంచి విప్పి, లోపలున్న తెల్లటి తోలు ఏప్రను చూపించాడు. "ఇది కట్టుకుని ఏం వంట చేస్తారు?" అనడిగింది. ఆయన పగలబడి నవ్వి, "చెప్పకూడదు" అన్నాడు. చెప్పదగ్గది ఒకటే చెప్పాడు. అక్కడ జడ్జీలు, డాక్టర్లు, సినిమాహాలు ఓనర్లు, అన్ని పార్టీల ఎమ్మెల్యేలు ఉంటారు. రాజకీయం, మతం ఊసెత్తకూడదు. పొద్దున ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నవాళ్ళయినా సాయంత్రం అక్కడ అన్నదమ్ముల్లా పక్కపక్కన కూచుని తినాలి.

"ఎట్లుండాడమ్మా?" అన్నాడు నంజప్ప గడపలోనే నిలబడి.

"చూస్తా ఉండావు కదన్నా. ఉండాడు, అంతే."

నంజప్ప కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పాపయ్య కమ్మీ మీద కొట్టాడు. టక్, టక్, టక్. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. నంజప్ప మంచం వైపు చూశాడు, వాకిలి వైపు చూశాడు. తర్వాత చెక్కబీరువా తలుపు మీద వేళ్ళు ముడిచి, అదే వరసలో మూడుసార్లు కొట్టాడు.

పాపయ్య కళ్ళు పెద్దవయ్యాయి. దిండు మీంచి తల లేపబోయాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు స్వల్పసేపు బయట కూచోవాల" అన్నాడు నంజప్ప.

"నా ఇంట్లో నన్నే బయటికి పొమ్మంటావా?"

"పొమ్మనేది కాదమ్మా. మా లాడ్జిలో తలుపు బయట ఒక మనిషి కత్తి పట్టుకుని కావలి ఉంటాడు. ఆయన అక్కడ నిలబడితేనే లోపల పని మొదలయ్యేది. చానా పెద్ద ఉద్యోగం అది."

"కత్తి లేదు నా దగ్గిర. కత్తిపీట ఉండాది, చాలునా?"

"ధారాళంగా చాలు."

సరోజమ్మ తలుపు దగ్గరికి వేసి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నానబెట్టిన అనపగింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో గింజా పితికి పప్పు బయటికి జార్చుతోంది. లోపల నంజప్ప ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె ఇంకో రెండు గింజలు పితికింది. తర్వాత ఇంకో గొంతు జవాబు చెప్పింది.

తుప్పు పట్టిన గొంతు. అయినా మాట విరగలేదు, తడబడలేదు. ఒక వాక్యం మొత్తం వచ్చింది. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు, ఇద్దరు పెద్దమనుషులు బావి గిలకకు చెరోవైపు నిలబడి తాడు లాగుతున్నట్టు. సరోజమ్మకు ఇంగ్లీషు రాదు. ఆయన మాట్లాడుతున్నది తనతో కాదు, తనకు తెలిసిన భాషలోనూ కాదు. అయినా ఆ గొంతు ఆయనది. ఆమె చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి వినపడకుండా ఏడ్చింది.

నంజప్ప బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "లాడ్జిలో బట్టీపట్టిన దాంట్లో ఒక్క మాట తప్పలేదమ్మా. నేనే రెండుచోట్ల తడుముకుంటి. నన్ను చూసి కండ్లెర్రజేసినాడు" అన్నాడు.

"ఏం మాట్లాడుకున్నారన్నా?"

"చెప్పకూడదమ్మా."

"మా ఆయనా అదే మాట. పోనీలే, చెప్పొద్దు. మళ్ళా ఎప్పుడొస్తావు?"

ఆ పూట పాపయ్య ఆమె చేతి సంగటి వద్దనకుండా తిన్నాడు. తిని, ఎడమచెయ్యి ఆమె మోకాలి మీద పెట్టి నిద్రపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా ఆమె కదల్లేదు.

అప్పట్నుంచి నంజప్ప ప్రతి మంగళవారం వచ్చాడు. తలుపు మూసేవారు, ఆమె బయట కూచునేది. సొరకాయ తరుగుతూనో, చింతపండు గింజలు తీస్తూనో ఆ ప్రశ్నలూ జవాబులూ విని విని, అర్థం తెలియని పాటలా ఆమెకే నోటికి వచ్చేశాయి.

పండుగలు దాటాక కార్పొరేషన్ ఎన్నికల మాట మొదలైంది. హర్ష వార్డు టికెట్టు కోసం తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళు జెండాలు కట్టి, ఫ్లెక్సీలు మోసి, తండ్రి పేరు చెప్పుకోకుండా పనిచేసిన కుర్రవాడు. ఒకరోజు ఇంటికి వస్తూనే ఫోన్ తల్లి ముందు పెట్టాడు. నంజప్ప వాళ్ళ గేటు దాటుతున్న వీడియో. ఎదురింటి మేడ మీంచి ఎవరో తీశారు.

"చూడమ్మా, అన్ని గ్రూపుల్లో ఇదే. పాపయ్య ఇంట్లో సీక్రెట్ డీల్ అంట. టికెట్ లిస్టు ఇంకా రాలేదు. పార్టీ అబ్జర్వరు నన్ను పక్కకి పిలిచి అడిగినాడు, ఏమప్పా ఇది అని."

"మీ నాయన మాట్లాడతా ఉండాడురా, హర్షా."

"ఏం మాట్లాడతా ఉండాడు? నీకు తెలుసునా? నాకు తెలుసునా? తలుపేసుకుని గుసగుసలాడితే జనం ఏమనుకుంటారు? లిస్టు వచ్చేదాకా ఆయప్పని రావద్దను. అంతే కదా, అడ్జస్ట్ చేసుకో."

ఆమె చెప్పనక్కర లేకపోయింది. నంజప్పే ఫోన్ చేశాడు. "బిడ్డ భవిష్యత్తుకి నేను అడ్డం కాకూడదమ్మా. లిస్టు రానీ, వస్తా" అన్నాడు.

మంగళవారం వచ్చింది. పాపయ్య కమ్మీ కొట్టాడు. బీరువా పలకలేదు. సరోజమ్మ చూసి చూసి తానే లేచి బీరువా మీద మూడుసార్లు కొట్టింది. పాపయ్య ఉలిక్కిపడి చూశాడు. ఆమె గొంతు సవరించుకుని, విని నేర్చుకున్న ఆ మొదటి ప్రశ్నను నంజప్ప యాసతో సహా అప్పజెప్పింది. ముసలాయన కనుబొమలు పైకి పోయాయి. చూపుడువేలు ఎత్తి అడ్డంగా ఊపాడు, కాదు, కూడదని.

"ఇంతకాలం కాపురం చేసినా నాకు సభ్యత్వం లేదా?" అంది సరోజమ్మ.

మూతి ఒక పక్కే నవ్వింది. ఆ పక్క కంట్లోంచే నీళ్ళు కారాయి. తర్వాత ఆయన వాకిలి వైపు తిరిగి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

రోజులు గడిచేకొద్దీ వేళ్ళ కణుపుల మీద తోలు లేచింది. గుడ్డ చుడితే ఆ చప్పుడు మరీ జాలిగా వినపడేది. సంగటి ముద్దను నోట్లో పెడితే దవడన పెట్టుకుని మింగేవాడు కాదు. ఒక పొద్దున చెయ్యి కమ్మీ దాకా లేపి, ఏదో ఆలోచించినట్టు ఆగి, కొట్టకుండానే దించేశాడు. ఆ రోజంతా గదిలో చప్పుడు లేదు. ఆ చప్పుడును విసుక్కున్న సరోజమ్మే, అది లేకపోయేసరికి పనులన్నీ వదిలేసి మంచం పక్కన కూచుండిపోయింది.

కూచుని హర్ష మాటే ఆలోచించింది. తలుపేసుకుంటే జనం ఏమనుకుంటారు? నిజమే. నలుగురి కంటా పడకుండా వస్తే ఒప్పందమంటారు. నలుగురి ముందరా పిలిస్తే?

లేచి మంచి చీర కట్టుకుంది.

"ఎక్కడికత్తా?" అంది పల్లవి.

"మామకి నీళ్ళు తాపుతా ఉండు. నంజప్పన్నని పిలుచుకొస్తా."

"అయ్యో, హర్షకి చెప్పాల్నా?"

"చెప్పు. దాచేది ఏముండాది?"

బస్టాండు దగ్గర షామియానా కింద నంజప్ప పార్టీవాళ్ళ ధర్నా జరుగుతోంది. నంజప్ప మైకు పట్టుకుని, కాలువ పూడికతీత నిధులన్నీ పాపయ్య పార్టీవాళ్ళు మింగేశారని దుమ్మెత్తిపోస్తున్నాడు. సరోజమ్మ ఆటో దిగి నేరుగా వేదిక దగ్గరికి నడిచింది. ఒకప్పుడు మొగుడి కోసం ఇల్లిల్లూ తిరిగి కుంకుమ పెట్టి ఓట్లడిగిన మనిషి, గుర్తుపట్టనివాళ్ళు లేరు. జనం దారి ఇచ్చారు. నంజప్ప గొంతు మధ్యలో తెగిపోయింది. ఏమైందోనన్న కంగారులో చేతిలో మైకు ఉన్న సంగతే మరిచి వంగాడు.

"అన్నా, ఆయన తట్టేది కూడా నిలిపేసినాడు. నువ్వు రావాల."

ఆ మాట మైకులో పడి సర్కిలంతా మోగింది. ఫోన్లు పైకి లేచాయి. వేదిక మీది ఒకడు, "అమ్మా, ధర్నా జరగతా ఉండాది, అయినాక ఆమీద..." అనబోయాడు.

"జరుపుకోండప్పా, ఎవరు వద్దన్నారు? మా పార్టీని తిట్టేది మిగిలుంటే మైకు ఇంకొకరికి ఇచ్చి తిట్టమనండి. ఈయప్ప మాత్రం నాకు కావాల. మా ఆయన మంచంలో ఉండాడు, ఈయనొస్తేనే నోరు తెరస్తాడు. ఫోన్లలో సరిగ్గా తీసుకోండి. పట్టపగలు, మీ అందరి ముందర పిలుచుకుపోతా ఉండాను."

నంజప్ప మైకు పక్కవాడి చేతిలో పెట్టాడు. మెళ్ళో పార్టీ కండువా తీసి మడిచి కుర్చీలో ఉంచాడు. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "పోయిరాప్పా, పోయిరా!" అని అరిచాడు.

ఆటో కదిలాక నంజప్ప, "నువ్వు ఓట్లకి నిలబడుంటే మా ఇద్దరికీ డిపాజిట్లు దక్కేవి కాదమ్మా" అన్నాడు.

ఇంట్లో పాపయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. నంజప్ప లోపలికి పోయాడు. సరోజమ్మ తలుపు మూసి బయట కూచుంది. చేతిలో ఈసారి పనేమీ లేదు.

టక్, టక్, టక్. అది బీరువా. జవాబు లేదు. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకున్నారు. మళ్ళీ బీరువా. మళ్ళీ ఏమీ లేదు. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. చివరికి లోపల్నుంచి, గుడ్డ చుట్టిన వేళ్ళతో, మెత్తగా ఒకటి. ఆగి ఇంకొకటి. మూడోది వచ్చేసరికి సరోజమ్మ కుర్చీ చేతిని వదిలింది.

హర్ష స్కూటర్ స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా పరుగున వచ్చాడు. వీడియో అప్పటికే వాడి ఫోన్లో ఉంది.

"అమ్మా, ఏం చేసినావు నువ్వు!" అంటూ తలుపు తొయ్యబోయాడు. ఆమె లేవలేదు, చెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్ళు లేచేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. కావలి నాది."

హర్ష ఏదో అనబోయాడు. లోపల్నుంచి తండ్రి మాట వినిపించింది. నీరసంగా, అయినా తడబాటు లేకుండా, ఒకదాని వెంట ఒకటి. వాడు ఏ మంగళవారమూ ఆ వేళకు ఇంట్లో లేడు. జబ్బు చేశాక ఆ గొంతు వినడం ఇదే మొదలు. తలుపు మీద వేసిన చెయ్యి జారిపోయింది. మెట్టు మీద కూచున్నాడు.

"అమ్మా, అది నాయనేనా?"

"ఇంకెవరప్పా?"

ఫోన్ మోగింది. అబ్జర్వరు. మోగి మోగి ఆగింది, వెంటనే మళ్ళీ మోగింది. హర్ష దానివైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, ఎత్తి చెవిన పెట్టుకున్నాడు.

"సార్... చూసినా సార్. నిజమే. ఆ, ఇక్కడే ఉండాడు, మా ఇంట్లోనే." అవతలి గొంతు సరోజమ్మ దాకా గరగరమంటూ వినపడింది. హర్ష నేల చూస్తూ విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాయన మీటింగులో ఉండారు సార్. అయినాక నేనే ఫోన్ చేస్తా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు. వీధి మలుపులో నీళ్ళ క్యాన్ల ఆటోవాడు హారన్ మోగిస్తూ వస్తున్నాడు. హర్ష గబగబా గేటు దాకా పోయి, చప్పుడు చెయ్యొద్దని వాడికి చెయ్యెత్తి చూపించాడు.