నాలుగు పదులు, రెండు రాజులు

పదహారేళ్ళుగా పేకముక్కలు పంచి బతుకుతున్నాను. ఇన్నేళ్ళలో నా బల్ల ముందు కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళందరిదీ ఒకటే వరస. ఫ్లోరిడా ఎండలో కూడా తలమీదికి లాక్కున్న టోపీ చొక్కా, నాలుగు గోడల మధ్య నల్లకళ్ళద్దాలు, చెవుల్లో పాటలు. పందెం చూస్తే రెండు డాలర్లు. మొహాలు చూస్తే దేశాన్ని తాకట్టు పెట్టినట్టు. నెల తిరక్కుండా చేతిలో ఉన్నది మా దగ్గర పోసి, పోకర్ అంతా ఉత్త అదృష్టమని తేల్చేసి వెళ్ళిపోతారు.

ఎమెట్ అలా వెళ్ళిపోలేదు. అది మా ఖర్మ.

మా ఆటగది పాత కుక్కల పందేల మైదానం మీది మేడలో ఉంటుంది. కుక్కలు పోయాయి, కింద గడ్డి మొలిచింది, పైన పేకాట మిగిలింది. పొద్దున్న పదకొండు గంటల బల్ల పూర్తిగా పెన్షన్ల వాళ్ళది. ఇరవై దాటని ఎమెట్ జనవరిలో వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. పక్కనే ఉన్న కాలేజీలో గణాంకశాస్త్రం చదువుతున్నాడు. చదువుతున్నాడని వాళ్ళమ్మ అనుకుంటోంది. మంగళవారం, గురువారం క్లాసులు ఎగ్గొట్టి మా మెట్లెక్కేవాడు.

కూర్చున్న మొదటి రోజే తన పథకం బల్లంతా చాటాడు. సెమిస్టరు ముగిసేలోగా రెండు వేల డాలర్లు కూడబెడితే చదువుకి దండం పెట్టేసి వేగస్ వెళ్ళి ఆటగాడైపోతాడట. కూడబెట్టలేకపోతే బుద్ధిగా పరీక్షలు రాస్తాడట. ఆరోజే ఎనభై డాలర్లు పోగొట్టుకున్నాడు.

పోగొట్టుకుంటే మాకేం బాధ లేదు. బాధంతా తర్వాత ఉంటుంది. ఓడిన ప్రతిసారీ ముక్కలు రెండూ తిప్పి అందరికీ చూపించి పాఠం మొదలెట్టేవాడు.

"నిజానికి ఈ ఆటలో నేను ఎనభై రెండు శాతం ముందున్నాను మిసెస్ పులాస్కీ. లెక్క ప్రకారం మీరు ఓడిపోవాలండి."

"అలాగా నాయనా? మరి ఆ సంగతి ముక్కలకి చెప్పలేకపోయావా?" అనేదావిడ, పందెం బిళ్ళలన్నీ దగ్గరికి లాక్కుంటూ.

మిసెస్ పులాస్కీకి ఎనభై ఒకటి. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపింది. మూడొందల మంది పిల్లల గోల భరించిన మనిషి కాబట్టి ఎమెట్‌ని అందరికంటే ఎక్కువగా ఆవిడే ఓర్చుకునేది. ఆవిడ రోజూ వృద్ధాశ్రమం వ్యానులో వస్తుంది. ఆవిడకి ఒకటే కోరిక: పైకప్పు తీసేసే ఎర్రకారు కొని, వెనక ఒక్క పిల్లాడు కూడా లేకుండా సముద్రం పక్కన నడపాలని. ఆ కారు సంగతి రోజుకి రెండుసార్లయినా చెప్పేది.

ఓర్చుకోలేనివాడు ఆర్విల్. ముప్ఫై నాలుగేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి, ఇప్పుడు చేతికర్ర పట్టుకుని మా బల్లకి తనంతట తాను జడ్జీ అయ్యాడు. మూడో వారంలో కర్ర నేలకేసి కొట్టి తీర్పిచ్చాడు.

"చూడబ్బాయ్. ఓడినవాడికి మూడే పనులు. ముక్కలు మూసి తోసెయ్యి. బాగా ఆడారు అను. నోరు మూసుకో. మా ఆవిడ నన్ను వదిలేసి వెళ్ళిన రోజున నేను చేసిందీ ఇదే."

"మూడూ చేశావా?" అనడిగాడు పక్క కుర్చీలోని ఎలాడియో.

"ముక్కలు లేవుగా. రెండే."

ఎలాడియోది క్యూబా. రొట్టెల బట్టీ కొడుకులకి అప్పజెప్పినా, జామపండు పెట్టిన పఫ్‌లు రోజూ ఒక డబ్బా నిండా తెస్తాడు. ఖాళీ అయిన ఆ డబ్బాలోనే వేసేలా ఆర్విల్ జరిమానా పెట్టాడు. ఓడి ముక్కలు చూపిస్తే డాలరు, పైన పాఠం చెబితే ఇంకో డాలరు. ఫిబ్రవరి అంతా మేం పఫ్‌లు ఎమెట్ డబ్బుతోనే తిన్నాం. పాపమనే మాట ఎవరి నోటా రాలేదు, నోటినిండా జామ ఉండేది.

మార్చి చివరికి కుర్రాడు దారిలో పడ్డాడు. ముందు శాతాలు మానేశాడు, తర్వాత చూపించడం మానేశాడు. ఓడితే పళ్ళు బిగబట్టి, ముక్కలు బోర్లా నా వైపు తోసి, "బాగా ఆడారండి" అనేవాడు. నోరు మూసుకోవడం వల్లనో ఏమో, గెలవడం కూడా మొదలెట్టాడు.

ఇక్కడ జాక్‌పాట్ సంగతి చెప్పాలి. మా గది గోడ మీద ఎర్ర అంకెల బోర్డు ఒకటుంది. ప్రతి ఆటలోంచీ ఒక్కో డాలరు అందులోకి పోతుంది. మూడు ఆసులూ రెండు పదులూ, లేదా అంతకంటే గొప్ప ముక్కలు పడి కూడా ఎవడైనా ఓడిపోతే బోర్డు పగులుతుంది, అంటే దాని మీది డబ్బంతా పంచుతారు. సగం ఓడినవాడికి, పావు గెలిచినవాడికి, మిగతా పావు బల్ల చుట్టూ ఉన్న అందరికీ. షరతు ఒకటే. ఇద్దరూ ముక్కలు తిప్పి చూపించాలి. మూసిన ముక్కలు పారేసిన ముక్కల్లో కలిస్తే ఇక అవి లేనట్టే. నేను వచ్చాక ఆ బోర్డు రెండేసార్లు పగిలింది. రెండుసార్లూ రాత్రి బల్ల మీదే. మా వాళ్ళు అప్పటికి మందులేసుకుని పడుకున్నారు. ఆ సంగతి ఎత్తితే ఆర్విల్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏప్రిల్ ఆఖరి గురువారం. బోర్డు మీద డెబ్భై ఆరు వేలు. మధ్యాహ్నం రెండింటికి ఎమెట్‌కి గణాంకశాస్త్రం ఆఖరి పరీక్ష.

"ఎన్నయ్యాయి?" అనడిగింది మిసెస్ పులాస్కీ.

"ఇంట్లో పదకొండు వందలున్నాయండి. ఇవాళ ఇక్కడ ఇంకో తొమ్మిది వందలైతే పరీక్షకి వెళ్ళను."

"పరీక్ష రాసి పోవచ్చుగా వేగస్‌కి?"

"రాస్తే పాసవుతానండి. పాసయితే మా అమ్మ వెళ్ళనివ్వదు."

పన్నెండున్నరకి వాడి ముందు బిళ్ళలు ఏడు వందల దాకా పేరుకున్నాయి. వాడు గెలుస్తుంటే నాకు సంతోషంగా లేదని ఉన్నమాట చెబుతున్నాను. వేగస్ అంటూ వెళ్ళి, మూడు నెలల తర్వాత సన్నబడ్డ మొహాలతో తిరిగొచ్చిన వాళ్ళకి నేను ముక్కలు పంచాను.

అప్పుడు ఆ ఆట పడింది. చేతికి రెండేసి ముక్కలిచ్చి, మధ్యలో అందరి కోసం మూడు తిప్పాను. ఆసు, పది, పది. ఎమెట్ పందెం కాశాడు. అందరూ తప్పుకున్నారు, మిసెస్ పులాస్కీ ఒక్కతే నిలబడింది. నాలుగో ముక్క నాలుగు. వాడు కాశాడు, ఆవిడ తనూ అంత డబ్బు కలిపింది. కలుపుతుంటే ఆవిడ చెయ్యి వణికింది. నిండు కాఫీ కప్పు పట్టుకున్నా తొణకని చెయ్యి అది. ఆవిడ చేతిలో చాలా పెద్ద ముక్కలున్నాయని నాకు అర్థమైంది. ఆర్విల్‌కీ అర్థమైంది, కర్ర మీద గడ్డం ఆనించి ముందుకు వంగాడు. ఎమెట్‌కి మాత్రం అర్థం కాలేదు, వాడు తన ముక్కల మీదే ఉన్నాడు. అయిదోది ఏడు. వాడు ఉన్నదంతా రెండు చేతులతో మధ్యలోకి తోసేశాడు.

"సరే నాయనా," అని ఆవిడ తన రెండు ముక్కలూ తిప్పింది. రెండు పదులు. మధ్యలోవి రెండు. మొత్తం నాలుగు పదులు.

బల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. పదకొండేళ్ళుగా ఆడుతున్నా ఆవిడకి నాలుగు ఒకే రకం పడటం అదే మొదలు. ఎమెట్ ఆ పదుల వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఇప్పుడు శాతాలు మొదలెడతాడనే అనుకున్నాం. ఎలాడియో చెయ్యి అప్పుడే డబ్బా మీదికి వెళ్ళింది.

"బాగా ఆడారు మిసెస్ పులాస్కీ," అన్నాడు. ముక్కలు బోర్లా నా వైపు తోశాడు.

బల్ల చుట్టూ చప్పట్లు. ఆర్విల్ కర్రతో నేల మీద రెండు దెబ్బలేసి, "అదీ పెంపకమంటే," అన్నాడు. ఆ పెంపకం తనదేనన్నట్టు అందరి వైపూ చూశాడు కూడా.

వాడు తోసిన ముక్కల్ని నేను లాగేశాను. పదహారేళ్ళ అలవాటు, చెయ్యి ఆగదు. లాగేటప్పుడు వేలు తగిలి వాటి అంచులు నా వైపు కొద్దిగా లేచాయి. నల్ల ఆసు. దాని వెనక ఇంకో నల్ల ఆసు. చూసేసరికే అవి మిగతా వాటిలో కలిసిపోయాయి.

మూడు ఆసులు, రెండు పదులు. వాడి వాటా ముప్ఫై ఎనిమిది వేలు, ఆవిడది పంతొమ్మిది వేలు, మిగిలిన ఏడుగురిలో ఒక్కొక్కళ్ళకీ రెండు వేల ఏడు వందలు. ఒక్క సెకను ఆగి ఉంటే సరిపోయేది.

ఆర్విల్ కళ్ళు మెల్లగా గోడ మీది బోర్డు వైపు వెళ్ళాయి.

"ఒరేయ్ ప్రొఫెసరూ. ఇంతకీ ఏం పట్టుకున్నావు నువ్వు?"

ఎమెట్ కూడా అప్పుడే బోర్డు చూశాడు. వాడు నా చేతుల వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, లేవు నాన్నా, కలిసిపోయాయి అన్నట్టు. అప్పుడు వాడు మిసెస్ పులాస్కీ వైపు చూశాడు. ఆవిడ నాలుగు పదుల్నీ వేళ్ళతో సర్దుకుంటోంది. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి, పదేళ్ళు చిన్నదైంది.

"రాజులు," అన్నాడు ఎమెట్.

"ఏవిటీ?"

"రెండు రాజులండి."

బల్ల బద్దలైంది నవ్వుల్తో. మధ్యలో ఆసు పడి కనిపిస్తుంటే రాజుల మీద ఏడు వందలు తోసినవాడు! ఎలాడియోకి నవ్వి నవ్వి పొలమారింది. "వేగస్ వాళ్ళకి ముందే ఉత్తరం రాయండ్రా, బిళ్ళలు చాలకపోతాయి," అన్నాడు ఆర్విల్. నాలుగు నెలలుగా శాతాలు వల్లించిన కుర్రాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు.

మిసెస్ పులాస్కీ అయిదు డాలర్ల బిళ్ళ ఒకటి వాడి ముందుకి జరిపింది. "బస్సుకి ఉంచుకో. వెళ్ళి పరీక్ష రాసెయ్యి బంగారం. రాజులు పట్టుకుని ఇంత దూరం వచ్చేవాడికి చదువు అవసరం."

వాడు ఆ బిళ్ళ తీసుకుని, థాంక్స్ చెప్పి లేచాడు.

నా బదులు ముక్కలు పంచడానికి ఇంకో అమ్మాయి వచ్చింది, అరగంటకోసారి మేం బల్లలు మారతాం. నేను మెట్ల దగ్గరికి పరిగెత్తాను. వాడు నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కింద గడ్డి మొలిచిన మైదానం చూస్తూ.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వస్తాయా?"

"రావు."

"మరింకెందుకు లోరెట్టా గారూ. ఆ పంతొమ్మిది వేలు ఆవిడకి ఎర్రకారు." మేడ వైపు తల తిప్పాడు. "పైగా ఆర్విల్ గారి చేతిలో కర్ర ఉంది. కొట్టేవారే. ఎనభై రెండు శాతం."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. నేనైనా ఆపాల్సిందని, తప్పులో సగం నాదని చెప్పాను. వాడు చొక్కా చేతితో మొహం తుడుచుకుని, గడియారం చూసుకుని బస్సు కోసం వెళ్ళాడు. ఇలాంటి సంగతి పై అధికారికి చెప్పాలా అంటే చెప్పాలేమో. చెప్పలేదు. పోయిన డబ్బు రాదు. పోయిందని తెలిస్తే మాత్రం ఆ ఏడుగురూ ఇక ఏ పొద్దుటా నవ్వుతూ మెట్లెక్కరు.

పరీక్ష అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. వేగస్ మాట మళ్ళీ ఎత్తలేదు. జూన్ నుంచి మళ్ళీ వస్తున్నాడు, మంగళవారాలు మాత్రమే, అది కూడా క్లాసు అయ్యాక.

కానీ ఒక కొత్త రోగం పట్టుకుంది వాడికి. ఓడిన ప్రతిసారీ రెండు ముక్కలూ తిప్పి, బల్ల మధ్యలో అందరికీ కనబడేలా పరుస్తాడు. చెత్త ముక్కలైనా సరే, రెండూ మూడూ అయినా సరే. మాట మాత్రం మాట్లాడడు. తనే జేబులోంచి డాలరు తీసి డబ్బాలో వేస్తాడు.

"పోయింది పెంపకం. మళ్ళీ మొదటికొచ్చాడు," అంటాడు ఆర్విల్.

నాకూ ఒకటి పట్టుకుంది. మూసిన ముక్కలు నా వైపు వస్తే, వాటి మీద చెయ్యి పెట్టి ఒక్క సెకను ఆగుతాను. నా ఆట నెమ్మదించిందని రెండుసార్లు మందలించారు. మందలించనీ.

మిసెస్ పులాస్కీ ఇప్పటికీ వ్యానులోనే వస్తుంది. ఎవరైనా కొత్తవాళ్ళు బల్ల దగ్గర కూర్చుంటే చాలు, నాలుగు పదుల కథ మొదలెడుతుంది. ఒక్కోసారికి పందెం ఒక్కో వంద పెరుగుతుంది.

"ఇంత జరిగితే, ఈ వెర్రి నాగన్న దగ్గర ఏవున్నాయో తెలుసా? అడగండి వాణ్ణే."

కొత్తవాళ్ళు ఎమెట్ వైపు తిరుగుతారు. నేను ముక్కలు కలుపుతూ తల దించుకుంటాను.

"రాజులేనండి," అంటాడు వాడు.