మిల్లు మళ్ళీ తిరిగిన రోజు

సికింద్రాబాదులోని కార్ఖానా అనే పేటలో స్టూడియో నడిపే ఎమిలీ పెళ్ళిఫోటోలతో పేరు తెచ్చుకుంది గానీ, ఆమె మనసంతా మూతపడుతున్న పాత మిల్లుల మీదే ఉండేది. కూల్చేలోగా వాటిని ఫోటోలు తీసి నగరంలో అందరికీ చూపించాలని పట్టుబట్టింది. ఆ పని మీదే ఒక వేసవిలో, పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి, తుకారాం రైసుమిల్లున్న చిన్న ఊళ్ళో దిగింది.

మిల్లును చూడగానే ఆమెకు ఉసూరుమనిపించింది. ఫోటోలకని తుకారాం గోడలకు కొత్తగా సున్నం వేయించాడు. మిషన్లు కడిగించి పూలదండలు వేయించాడు. తాను ఇస్త్రీ బట్టలతో పక్కనే నిలబడ్డాడు.

"తియ్యుండ్రి మేడం. వచ్చే వారం తుక్కోళ్ళు వచ్చి ఇప్పుకపోతరు."

ఎమిలీ కెమెరా ఎత్తలేదు. "ఇది మిల్లులా లేదు తుకారాం గారూ, పెళ్ళిపందిరిలా ఉంది. పెళ్ళిళ్ళు నేను రోజూ తీస్తాను. మీరు మిల్లు నడపండి, అప్పుడు తీస్తాను."

"రెండేండ్ల సంది బందున్న ఇంజను! షురూ అయితదంటరా?"

"అవుతుంది. మీరు చెయ్యి వేయండి."

ఆమె ధీమా చూసి అతనికీ పంతం వచ్చింది. డీజిల్ పోసి హ్యాండిల్ తిప్పాడు. దగ్గి దగ్గి ఆగిపోయిన ఇంజను చివరికి అందుకుంది. మిషన్లను తిప్పే బెల్టు కదిలి నేల అదిరింది. ఆ చప్పుడు విని, ఒకప్పుడు అక్కడ బియ్యం చెరిగిన కమలాబాయి చేట పట్టుకుని పరుగున వచ్చింది. వెనకే వడ్లమూటలతో జనం.

"మళ్ల తెరిసినవా సేటూ?"

"గీ ఒక్క పూటకే."

"ఒక్క పూటైతేంది, మా వడ్లు పట్టు" అంటూ కమలాబాయి కొంగు బిగించింది.

తవుడు పొగలా లేచింది. పైకిటికీలోంచి పడ్డ ఎండ ఆ దుమ్ములో తెరలు తెరలుగా నిలిచింది. ఎమిలీకి కావలసింది అదే. బస్తాలెక్కి, నేలమీద పడుకుని, తెచ్చిన రీళ్ళన్నీ అయిపోయేదాకా ఫోటోలు తీసింది.

అనుకున్నట్టే మిల్లును విప్పేశారు. డిసెంబరులో సికింద్రాబాదు చర్చి హాల్లో ఎమిలీ ఫోటోలు పెడితే, ఆ ఊరివాళ్ళు రైలెక్కి వచ్చారు. నిలువెత్తు ఫోటోలో తనను చూసుకుని కమలాబాయి నోరు నొక్కుకుంది.

"గింత పెద్దగ వెట్టినవేందమ్మా!"

"ఇంకా పెద్ద గోడ దొరకలేదు" అని నవ్వింది ఎమిలీ.

తుకారాం మిషన్ల ఫోటోల దగ్గరికి నడిచాడు. ఒక ఫోటో ముందు నిలబడి, బెల్టు ఉన్నచోట గాజుమీద చెయ్యి పెట్టాడు. ఇంతలో కాలేజీ అమ్మాయి ఒకామె వచ్చి, ఇది ఎలా తిరుగుతుందని ఎమిలీని అడిగింది. ఎమిలీ నోరు తెరిచేలోగానే తుకారాం అందుకున్నాడు.

"ఇటు రా బిడ్డా, నేను చెప్తా."

హాలు మూసేదాకా చెబుతూనే ఉన్నాడు.