గాత్రానికి ఒక్క సీటు

హన్మకొండలోని ఒక ప్రైవేటు బడిలో అరుణ సంగీతం టీచరు. పెద్ద విద్వాంసుల ఎదుట కూర్చుని నేర్చుకోవాలని పెళ్లికి ముందు నుంచీ ఆమె ఆశ. అందుకే ఈ వేసవిలో పాలంపేటలో జరిగే సంగీతోత్సవానికి దరఖాస్తు పెట్టుకుంది. ఎంపికైనవాళ్లకు అక్కడే గది, పగలంతా శిక్షణ, ఆఖరి రోజు కచేరీ.

ఎంపిక జరిగే హాలుకు వెళ్లేసరికి వరండాలో తన శిష్యురాలు మహిత కనిపించింది. బడి అయిపోయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తనూ అందుకే వచ్చింది. గాత్రానికి ఉన్నది ఒక్క సీటే.

పక్కనే ఉన్న మహిత తండ్రి కృష్ణమోహన్ ముఖం మాడిపోయింది.

"మీకు నౌకరి ఉన్నది మేడం. చదువుకునే పిల్లలతోటి పోటీకొస్తే ఎట్ల? దానికి పాట నేర్పిందే మీరాయె."

"నాక్కూడా నేర్చుకోవాల్నని ఉన్నది అన్నా," అంది అరుణ. ఆ జవాబు తనకే బలంగా అనిపించలేదు.

ముందు మహితను పిలిచారు. కల్యాణి రాగం అందుకుంది. గమకాలు నిండుగా పలికాయి గానీ పైస్థాయిలో గొంతు వణికింది. తన వంతు వచ్చినప్పుడు, ఒక్కచోట తప్పితే సీటు పిల్లకు దక్కుతుంది కదా అనుకుంటూనే అరుణ లోపలికి నడిచింది. తీరా మొదలుపెట్టాక తప్పు పాడడానికి మనసొప్పలేదు. ఉన్నదంతా పెట్టి పాడింది.

సీటు ఆమెకే వచ్చింది. తండ్రీకూతుళ్ల వైపు చూడలేక బ్యాగు సర్దుకుంటుంటే మహితే దగ్గరికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"మస్తు భయపడ్డ మేడం."

"సీటు రాదనా?"

"కాదు. నాకోసం మీరు కావాల్నని తప్పు పాడుతరేమోనని. అట్ల గెలిస్తే, నాకు పాటొస్తదో రాదో నాకే తెల్వకపోతుండె."

పొద్దుటి నుంచీ గుండె మీదున్న బరువు అరుణకు ఒక్కసారిగా దిగిపోయింది. పిల్లను దగ్గరికి తీసుకుంది.

అయినా కృష్ణమోహన్ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. అరుణ నేరుగా నిర్వాహకుడు శ్యాంసుందర్ దగ్గరికి వెళ్లి, ఉద్యోగస్తులకూ విద్యార్థులకూ సీట్లు వేరుగా పెట్టమని అడిగింది. వచ్చే ఏడు అలాగే చేద్దామన్నాడాయన. ఈసారికి మహిత తరగతిలో వెనక వరసలో కూర్చుని పాఠాలు వినడానికి ఒప్పుకున్నాడు.

"రోజు పాలంపేటకు ఎట్ల పోయొస్తది?" అన్నాడు కృష్ణమోహన్.

"నా రూములనే ఉంటది అన్నా."

ఆయన మెల్లగా అన్నాడు: "ఊరగాయ జర తక్కువ తిననియ్యుండ్రి మేడం. గొంతు పట్టుకుంటది దానికి."