మునిశంకర్ దప్పిక

పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే విశాలమ్మ పెరట్లోకి వెళ్లి చేపల గుంటలో నీళ్లు చూసుకునేది. రాత్రి అంచు దాకా నింపిన నీళ్లు తెల్లారేసరికి జానెడు దిగి ఉండేవి. అది చూసి ఆమె తృప్తిగా తల ఊపి, పళ్లపొడి అరచేతిలో వేసుకుని, ఇక ఆ రోజు పనిలో పడేది. నీళ్లు తగ్గితే సంతోషించే మనిషి బంగారు గనుల పేట చాంపియన్ రీఫ్స్ మొత్తానికి ఆమె ఒక్కతే. తక్కినవాళ్లు కుళాయి దగ్గర బిందెల వరస కోసం జుట్లు పట్టుకునేవాళ్లు.

ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఆ లైను ఇళ్లలో అందరికీ తెలుసు. విశాలమ్మ మొగుడు మునిశంకర్ తాగుతున్నాడు. గని నడిచే రోజుల్లో, కొడుకు యోగేశ్ ఇంకా తప్పటడుగులు వేస్తుండగా, లోతులో ఒత్తిడికి రాయి పేలే ఏర్ బ్లాస్టు ఒకటి జరిగి, బండలు విరిగిపడి ఆయన అక్కడే ఉండిపోయాడు. శవాన్ని కూడా పైకి తేలేకపోయారు. తరువాత గనే మూసేశారు. ఆయన ఉన్న చోటు సరిగ్గా ఈ ఇంటి కిందికే వస్తుందని తోటి పనివాళ్లు చెప్పారు. పెరట్లో ఊరికే నిలబడితే చాలు, కింద గుటక వేసే చప్పుడు వినిపించేది. గోడ అవతల బట్టలు ఆరేసుకుంటూ ఆదిలక్ష్మమ్మ, ఎండలు ముదిరాయి కదా, మీ ఆయన ఈమధ్య ఎక్కువే తాగుతున్నాడనేది. ఈమె అవునని చెప్పి కూర ఏమిటని అడిగేది.

ఆయన దప్పిక సంగతి విశాలమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ రోజు షిఫ్టుకు పోతూ ఆయన నీళ్ల క్యాను గడప మీదే మరిచిపోయాడు. ఈమె చూసింది. చేతిలోకి తీసుకుంది కూడా. గేటు దాకా పరుగెత్తి, అక్కడ ఆగిపోయింది. గనిలోకి పోయే మొగవాణ్ణి వెనక నుంచి పిలిస్తే కీడు. పిలిచి ఉంటే ఆయన తిరిగొచ్చి, శాంతికి కాసేపు కూర్చుని, రెండు గుక్కలు తాగి పోయేవాడు. ఈలోగా పనివాళ్లను గనిలోకి దించే కేజి ఆయన్ను వదిలేసి దిగిపోయేది. కీడు రాకూడదని పిలవలేదు. అప్పటినుంచి రోజూ బిందెడు నీళ్లు పెరటి నేలలో పోసింది. కోడలు వచ్చి గుంట కట్టాక ఆ పని గుంటే చేసుకుపోయింది.

కోడలు రశ్మి నంగలి దగ్గరి రైతుబిడ్డ. పెరట్లో నడుము లోతు తవ్వించి, నల్ల రబ్బరు షీటు పరిపించి, ఎర్ర చేపలు పెంచి బెంగళూరు అంగళ్లకు ఇచ్చేది. మామగారు తాగుతున్నాడంటే ఆమె కాదనలేదు. ఆయన కావలసినంత తాగనీ, కానీ చేపల నోటి దగ్గరివి కాదు, వేరే బిందె పెడదామనేది. ఆమె తొందరకు కారణం ఉంది. మాలూరు ఫ్యాక్టరీలో పని పోయి యోగేశ్ ఇంట్లో కూర్చున్నాడు. గనిమట్టి దిబ్బల వెనక పాత గాలిదారిలోంచి గనిలోకి దిగి బంగారపు రాయి తవ్వుకొచ్చి అమ్ముకుందామని స్నేహితుడు చందన్ చెవిలో పోరుతున్నాడు. అలా దిగి పైకి రానివాళ్లు ఉన్నారు. రశ్మి ఏడ్చి, తిట్టి, చివరికి ఒక మాట తీసుకుంది. ఈ విడత చేపలు అమ్ముడైతే యోగేశ్ ఆ దారి తొక్కడు. గుంట నిలిస్తే మొగుడు పైన నిలుస్తాడు. ఆమె లెక్క అంతే.

అందుకని ఒక ఉదయం పసుపు కలిపిన నీళ్లు గుంటలో వదిలి, ఆ పచ్చని చార ఎటు లాగుతోందో చూసింది. అది నేరుగా అడుగుకు పోయింది. చేపల్ని డ్రమ్ముల్లోకి మార్చి, నీళ్లు తోడేసి చూస్తే షీటు మధ్యలో చిల్లు, డ్రిల్లు పెట్టి కొట్టినంత గుండ్రంగా. ఇసుక కాగితంతో రుద్ది, పంక్చర్ అంగడి నుంచి తెచ్చిన సొల్యూషన్ పూసి, లారీ ట్యూబు ముక్క అతికించింది. నీళ్లు నింపి చేపల్ని వదిలింది. ఆ మరునాడు నీళ్లు ఇసుమంత కూడా దిగలేదు.

కింద దగ్గు మొదలైంది. రాతిదుమ్ము మింగినవాళ్ల దగ్గు ఆ పేటలో అందరూ ఎరుగుదురు. గోడ అవతలి నుంచి ఆదిలక్ష్మమ్మ పాపం అంది, అని లోపలికి పోయి తలుపేసుకుంది. విశాలమ్మ రోజంతా బిందెలు తెచ్చి నేలలో పోసింది. దగ్గు ఆగలేదు. ఇన్నేళ్లు తాగి తాగి అలవాటైన మనిషికి బిందెడు నీళ్లు ఏమూలకని ఆమె ప్రాణం కొట్టుకుంది. మరునాడు కోడలు మార్కెట్టుకు పోయిన సమయంలో అట్లకాడ తీసుకుని గుంటలో దిగి, ఆ అతుకును పీకేసింది.

రశ్మి వచ్చేసరికి గుంట ఎండిపోయి ఉంది. చేపలు కూడా లేవు. చచ్చి పడి లేవు, అసలు లేనే లేవు. గట్టు మీద అట్లకాడ ఉంది.

"మామకు నీళ్లు ఇయ్యొద్దని నేనెప్పుడన్నా చెప్పినానా అత్తా?" అంది రశ్మి. గొంతు పెంచలేదు. "ఇంగ నీ కొడుకును ఎట్ల ఆపల్ల, చెప్పు."

విశాలమ్మ గట్టు మీది అట్లకాడ తీసుకుంది. మొగుడి మీద జాలితో కొడుకును ఆ గొయ్యి దగ్గరికి తానే తోసినట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని యోగేశ్ తాడు భుజాన వేసుకున్నాడు. రశ్మి లోపలికి వెళ్లిపోయింది. విశాలమ్మ గూట్లోంచి మొగుడి క్యాను తీసి, కడిగి, నింపి, గేటు దాకా వచ్చింది. ఈసారి పిలిచింది.

"యోగేశా."

అతను ఆగాడు. "వెనక నుంచి పిలస్తావేమ్మా?"

"కూర్చోని పో. లేదంటే ఇదన్నా తీసుకోని పో."

అతను కూర్చోలేదు. క్యాను మాత్రం తీసుకుని పోయాడు. ఆమె గేటు పట్టుకుని అక్కడే నిలబడింది. కింద దగ్గు కూడా లేదు. ఏ చప్పుడూ లేకపోవడంతో ఆమెకు మరింత భయమేసింది.

పొద్దు వాలుతుండగా యోగేశ్ తిరిగి వచ్చాడు. మెడ దాకా తడిసి ఉన్నాడు. వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"దారంతా నీళ్లేనమ్మా. పోయిన వారం చందన్ చూసినప్పుడు దుమ్ము తప్ప ఏమీ లేదంట. ఇప్పుడు లోపల పైకప్పు దాకా నిండుకోని ఉండాది. ఆ నీళ్లు పసుపు వాసనొస్తా ఉండాయి."

రశ్మి బయటికి వచ్చింది. అతను క్యాను మూత తీసి పళ్లెంలో వంచాడు. నీళ్లతో పాటు ఒక ఎర్ర చేప జారిపడింది. తోక మీద తెల్లమచ్చ, గుడ్లతో నిండిన కడుపు. అది తన చేపేనని రశ్మి చూడగానే గుర్తుపట్టింది.

విశాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన తాగలేదు. తాను పోసినవి, గుంట పోసినవి, ఒక్క చుక్క తాగలేదు. ఇన్నేళ్లూ అన్నీ కూడబెట్టి, ఇప్పుడు కొడుకు వచ్చే దారికి అడ్డంగా వదిలాడు. ఇన్నేళ్లు తాను విన్నవి అంత నీళ్లు ఎదురుగా పెట్టుకుని ఆయన వేసిన ఎండు గుటకలు.

ఆమె కొడుకును అడిగింది. "నేనిచ్చిన నీళ్లు ఏం చేసినావురా?"

"చేపకు తావు కావల్ల కదమ్మా. ఆడనే పోసేసినా." యోగేశ్ తల వంచుకున్నాడు. "పోస్తా ఉంటే ఎవురో తాగే చప్పుడైంది. శానాసేపు తాగినారు."

చీకటి పడకముందే మొగుడూ పెళ్లాలు గుంటలో దిగి కొత్త అతుకు వేశారు. యోగేశ్ షీటు లాగి పట్టుకుంటే రశ్మి సొల్యూషన్ పూసింది. నీళ్లు నింపి చేపను వదిలారు.

పొద్దున విశాలమ్మ పెరట్లోకి వెళ్లింది. నీళ్లు అంచు దాకా అలాగే ఉన్నాయి. తెల్లమచ్చ చేప ఒక్కటే తిరుగుతోంది. ఆమె నిలబడి వింది. తరువాత నేల మీద కూర్చుని, చెవి ఆనించి వింది. కింద గుటక లేదు, దగ్గు లేదు, మనిషి ఉన్న జాడే లేదు. మొగుడు పోయిన దుఃఖం ఆమెకు ఆ పొద్దున వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రశ్మి వచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి యోగేశ్ తలుపు దగ్గర నిలబడి, చేపకు మేత ఎక్కడ పెట్టారని అడిగాడు.